లాకుల గట్టున దసరా బడి

ఆ రోజుల్లో పదహారేళ్ళు నిండిన ఆడపిల్లను ఇంట్లో ఊరికే కూర్చోబెట్టడం మా నాన్నగారికి సుతరామూ గిట్టేది కాదు. పెళ్ళయినా చెయ్యాలి, పనైనా చెప్పాలి. నాకు రెండూ ఒకేసారి ఎదురయ్యాయి. నరసాపురంలో ఒక ఉపదేశిగారి సంబంధం చూసిపెట్టారు (ప్రార్థన మధ్యలో నశ్యం పీల్చి, తుమ్ము వచ్చేదాకా అందరిచేతా కళ్ళు మూయించి ఉంచిన మనిషి ఆయన). నాకేమో నేను చదివిన మిషను బడిలోనే చిన్నపిల్లలకు పంతులమ్మను కావాలని ఆశ. బడి దొరసాని తన పుస్తకాల తెలుగులో, “దసరా సెలవులలో మీ అన్న పిల్లలకు ఇంట చదువు చెప్పుము. నేను వచ్చి చూచెదను” అంది. నాన్నగారు దానికి తన మాట తగిలించారు. “ఆవిడ మెచ్చిందా, బడికి పో. మెచ్చలేదా, క్రిస్మసు వెళ్ళగానే పెళ్ళి.”

అన్నయ్య కాలువ మీద లాకుల దగ్గర పని చేసేవాడు. కిందినుంచి పడవ వస్తే తొట్టిలాంటి లాకులోకి తీసుకుని, గేట్లు మూయించి, నీళ్ళు నింపి, పడవ పైకి తేలాక పైకాలువలోకి వదలడం అతని ఉద్యోగం. ఇల్లు సరిగ్గా ఆ గట్టు మీదే. పిల్లలు ముగ్గురు. పెద్దది తెలియని ప్రశ్నకు కూడా తడుముకోకుండా జవాబు చెప్పేది. తరవాతివాడు ఎప్పుడూ ఝుమ్మని ఏదో రాగం తీస్తుంటాడని తుమ్మెద అనేవాళ్ళం. నాలుగేళ్ళ చిన్నది విన్న మాట విన్నట్టు అప్పజెప్పేది.

మొదటిరోజే అరుగు మీద ఇసుక పోసి అక్షరాలు దిద్దించబోయాను. వీధిలో బడిపిల్లలు పంతులుగారి వెనకాల రంగుకాగితాల విల్లంబులు పట్టుకుని, పప్పుబెల్లాలు నములుతూ ఇల్లిల్లూ తిరుగుతున్నారు. “అత్తా, వాళ్ళకి లేని చదువు మాకెందుకే?” అంది పెద్దది. నేను జవాబు వెతుక్కునేలోపల కాలువ మీద పడవ కొమ్ము ఊదారు. తల ఎత్తి చూస్తే ఇసుక ఉంది, పిల్లలు లేరు. మర్నాడు గదిలో పెట్టి తలుపు వేశాను. తుమ్మెద కిటికీలోంచి దూకాడు. వదిన నవ్వి, “కాళ్ళు కట్టేస్తావా ఏంటమ్మా?” అంది. వాళ్ళనేం అనను? కొమ్ము వినపడితే నా కాళ్ళూ అరుగు మీద నిలిచేవి కావు.

చివరికి బడినే గట్టు మీదికి మార్చాను. పడవలో బస్తాలతో కూడికలు, తీసివేతలు. పడవల మీద రాసిన పేర్లతో అక్షరాలు. నీళ్ళు నిండితే పడవ ఎందుకు లేస్తుందో తుమ్మెద అన్నయ్య ప్రాణాలు తోడేసి మరీ తెలుసుకున్నాడు. చిన్నది మాత్రం పడవవాళ్ళ దగ్గర సొంతంగా వేరే చదువు నేర్చుకుంటోందని నాకు తెలియలేదు.

సెలవులు ఇంకా అవనే లేదు. గేటు తోసే మనిషి పండక్కి ఇంటికి వెళ్ళిపోతే, ఒకరోజు నేనూ పిల్లలూ కలిసి దూలం తోసి కిందిగేటు మూశాం. నా చీర మోకాళ్ళదాకా ఎగ్గట్టి ఉంది, ముఖమంతా చెమట. నీళ్ళు నిండుతున్నాయి. లాకు గోడ మీదుగా ముందు ఒక టోపీ లేచింది, దాని కింద కళ్ళజోడు, ఆ కింద దొరసాని! పాఠశాల ఏదీ, పలకలేవీ అన్నట్టు చూస్తోంది. నాకు నరసాపురం కళ్ళముందు తిరిగింది. అంతలో లాకు మీద అడ్డంగా కట్టిన తాడు ఆవిడ టోపీకి తగలబోతుంటే, చిన్నది గొంతు చించుకుని, “ఓ ముసలి దున్నా, తల దించు!” అని అరిచింది.

దొరసాని తల దించింది. తరవాత ఎత్తి, “దున్న అనగానేమి?” అని అడిగింది.

పెద్దది చేతులు కట్టుకుని, “పెద్దవాళ్ళని గౌరవంగా అలా పిలుస్తామండి” అంది.

ఆవిడ సంతోషించి, ఆ మాటను తనలో తాను రెండుసార్లు పలికి చూసుకుంది. ఈలోగా తుమ్మెద పడవ ఎలా పైకి వచ్చిందో చేతులు తిప్పుతూ చెప్పేశాడు, పడవ మీది పేరు చదివాడు, బస్తాలు లెక్కపెట్టాడు. దొరసాని గట్టు మీదికి దిగి, నా చెమట ముఖంకేసి చూసింది. “నా బడిలో ఏ పిల్లయు కూర్చుండదు. నీవు వారి వెంట పరుగెత్తగలవు. రమ్ము” అంది.

ఆ ఆదివారం గుడిలో మా పెద్ద పాదిరిగారికి నమస్కరించి, “క్షేమమా, ముసలి దున్నగారూ?” అని ఆవిడ పలకరించినప్పుడు నేనూ పెద్దదీ తలలు వంచుకుని ఎంత భక్తిగా ప్రార్థించామో ఆ దేవుడికే తెలుసు.

బడిలో చేరాను. పిల్లల వెంట పరుగెత్తాను. ఎన్నో ఏళ్ళు గడిచాయి. ఇప్పుడు వాకిట్లో కుర్చీ వేసుకుని, పొద్దుణ్ణించి సాయంత్రందాకా కదలకుండా కూర్చోగలను. చూసినవాళ్ళంతా ఎంత కుదురైన మనిషండీ అంటారు. ఆ కుదురు నాలోకి ఎప్పుడు వచ్చిందో గుర్తులేదు. వస్తోందని ముందే తెలిస్తే, ఆ పూట ఇంట్లో ఉండేదాన్ని కాదు.