ఆడవాళ్ల గది గోడ

నేను పాత కట్టడాల మరమ్మతులు చూసే ఇంజనీరుని. సిడ్నీలో హారిస్ పార్క్ అనే పేటకి దగ్గర్లో, రెండు వీధులు కలిసే మూలన ఒక పాత పబ్బు ఉండేది. మూతపడి చాలా ఏళ్లయినా హెరిటేజ్ జాబితాలో ఉంది, ఊరికే కూల్చడానికి వీల్లేదు. దాన్ని కొన్న డాక్టర్ అంకుల్, నేను ఈ ఊళ్లో దిగిన కొత్తలో ఆరు నెలలు తన ఇంట్లో ఉంచుకుని అన్నం పెట్టిన మనిషి.

“కింద లైబ్రరీ, పైన పిల్లలకి తెలుగు క్లాసులు పెడదామమ్మా. బిల్డింగ్ కండిషన్ మీద రిపోర్ట్ నువ్వే రాయాలి” అన్నారు. కాదనడం నాకు తట్టనే లేదు.

ఎనిమిది శనివారాలు టేపుతో ఆ కట్టడమంతా కొలిచి ప్లాన్లు గీశాను. రెండంతస్తుల ఇటుక గోడలు, పై వరండాకు పోత ఇనుము అల్లిక. బార్ గదిలో నడుం ఎత్తు దాకా ముదురాకుపచ్చ టైల్స్. ఒకప్పుడు ఇక్కడి చట్టం ప్రకారం పబ్బులు సాయంత్రం ఆరింటికే మూసేయాల్సి వచ్చేది. పని వదిలాక దొరికే ఆ కాసేపట్లో జనం తోసుకుంటూ తాగేవారట. వాళ్లు వెళ్లాక గొట్టంతో నీళ్లు కొట్టి కడగడానికి టైల్స్ వీలుగా ఉండేవి.

పక్క సందులో వేరే తలుపు, దాని వెనక చిన్న గది. బార్‌లోకి ఆడవాళ్లను రానివ్వని రోజుల్లో వాళ్లు కూర్చున్న గది అది. గ్లాసులు అందించడానికి మధ్యగోడలో ఓ కిటికీ. దాని చెక్క మోచేతుల రాపిడికి అరిగి గుంటపడింది. ఆ గదిని గీసినంత ఇష్టంగా నేను దేన్నీ గీయలేదు.

దాని బయటి గోడ ఒరిగింది. ఉన్నదున్నట్టు రాశాను: గోడ ప్రమాదకరంగా ఉంది, ఊతమిచ్చి పునాది బాగుచేస్తే నిలుస్తుంది, కూల్చనక్కర్లేదు.

రెండు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం అటుగా వెళితే చుట్టూ కంచె కట్టి ఉంది. ఆ గది లేదు. ఇటుకల కుప్ప మీద యంత్రం నిలబడి ఉంది. అక్కడి సూపర్‌వైజర్, ఊరి కౌన్సిల్ ఇచ్చిన కూల్చివేత అనుమతి చూపించి, “ఈ రిపోర్టు మీదే కదా?” అని ఇంగ్లీషులో అడిగాడు. గోడ ప్రమాదమన్న మొదటి పేజీ, నా సంతకమున్న చివరి పేజీ దానికి జతచేసి ఉన్నాయి. కూల్చనక్కర్లేదన్న మధ్య పేజీలు లేవు.

తిన్నగా అంకుల్ ఇంటికెళ్లాను.

“ఆ గది తీస్తే తప్ప పార్కింగ్‌కి చోటు లేదు. పార్కింగ్ లేకపోతే ఎవరొస్తారమ్మా? ఎమర్జెన్సీ అంటే తప్ప కౌన్సిల్ మూవ్ అవదు. నువ్వు రాయనిదేం నేను పెట్టలేదే!”

“రాసిందాంట్లో సగం తీసేశారంకుల్.”

“మనవాళ్ల కోసమే కదా. అంత సీరియస్‌గా తీసుకోకు.”

అప్పుడు గుర్తొచ్చింది. ఐదో శనివారం ఆయనే టేపు రెండో కొస పట్టుకుని, సందుతో కలిపి ఆ గది వెడల్పు రెండుసార్లు కొలిపించారు. ఎందుకో నేను అడగలేదు. ఆంటీ తెచ్చిన కాఫీ ముట్టకుండా లేచాను.

మర్నాడు పూర్తి రిపోర్టు కౌన్సిల్‌కి పంపాను. పని ఆపించారు, విచారణ జరిపారు. ముందున్న బార్ గది, వరండా మిగిలాయి. పోయిన గది మాత్రం తిరిగి రాలేదు. “అన్నం పెట్టినవాడి మీద కంప్లైంట్ ఇచ్చావటగా?” అని ఒక ఆంటీ షాపులో అందరి ముందే అడిగింది. సామాన్లు అక్కడే వదిలి బయటికొచ్చేశాను.

పార్కింగ్ కోసం ఆ గది కూల్చాలని ముందే అడిగుంటే ఒప్పుకునేదాన్ని కాదు. అది ఆయనకు తెలుసు. అందుకే నాతో లైబ్రరీ మాట మాత్రమే అన్నారు.