తొమ్మిదో ప్రశ్న

ఆఫీసులో ఆమెను అందరూ మార్కులక్క అంటారు. ఎదురుగా కాదు, ఎదురుగా ఉత్త అక్క. ఆమె మెట్లు దిగి వస్తుంటే మాత్రం "మార్కులక్క వస్తోంది, గొంతులు సవరించుకోండర్రా" అని కుర్చీల వరుసలో చిన్న అల ఒకటి కదులుతుంది. ఆ అల సంగతి ఆమెకు తెలుసు. పాతికేళ్ల కింద అవే కుర్చీల్లో కూర్చుని, పైనుంచి ఎవరు దిగినా తనూ అలాగే కదిలిన మనిషి.

వాళ్ల కంపెనీ ఫోను మీద వినికిడి మిషన్లు అమ్ముతుంది. వినపడని వాళ్లకు ఫోనులో అమ్మడమేమిటని కొత్తగా చేరిన ప్రతివాళ్లూ నవ్వుతారు. చేరిన రోజు ఆమె కూడా నవ్వింది. "అయితే చెవిటివాడి ముందు శంఖం ఊది, ఆ శంఖాన్నే అంటగట్టాలన్నమాట" అంది, పక్క కుర్చీలో ఉన్నాయన వినేలా. ఆయన నవ్వలేదు. తన హెడ్‌ఫోను తీసి ఆమె చేతిలో పెట్టి, "ఒక కాల్ విను తల్లీ, తర్వాత ఇద్దరం కలిసి నవ్వుదాం" అన్నాడు.

ఆయన్ని అప్పటికే అందరూ నిదానం బాబాయ్ అనేవాళ్లు.

ఆ కాల్‌లో అవతల ఎవరో పెద్దాయన. బాబాయ్ ఒక ప్రశ్న అడిగి ఊరుకున్నాడు. అవతల ఏమీ లేదు. గాలి. కుర్చీ కిర్రుమన్న చప్పుడు. దూరంగా టీవీ, తర్వాత టీవీ లేకపోవడం. ఆమె 'హలో' అనబోతే బాబాయ్ చేయెత్తి ఆపాడు. చివరికి ఆ పెద్దాయన గొంతు, బావిలోంచి చేద పైకొచ్చినట్టు, నెమ్మదిగా వచ్చింది. అడిగినదానికే కాదు, అడగని దానికీ జవాబు చెప్పింది.

"వాళ్లు ఫోను ఈ చెవినుంచి ఆ చెవికి మార్చుకుంటారమ్మా" అన్నాడు బాబాయ్ తర్వాత. "టీవీ కట్టేయడానికి లేస్తారు. మనం అడిగింది లోపలికి దిగాలి, జవాబు పైకి రావాలి. చాలా పొడుగు దారి. మధ్యలో మనం అడ్డంపడ్డామనుకో, పాపం మళ్లీ మొదట్నుంచి నడవాలి."

"ఎంతసేపు ఆగాలి బాబాయ్?"

"వాళ్లొచ్చేదాకా."

అదే ఆమె చదువు. ఆ చదువుతోనే అమ్మింది, ఆ చదువుతోనే పదిమందికి నేర్పింది, ఆ చదువుతోనే పై అంతస్తులో కిటికీ పక్కన ఓ బల్ల సంపాదించుకుంది. బాబాయ్ మాత్రం కింద, నీళ్ల డబ్బా పక్కనున్న తన పాత కుర్చీలోనే ఉండిపోయాడు. "పైన నాకేం పని, ఫోన్లన్నీ కిందే మోగుతాయి కదా" అనేవాడు.

తర్వాత సాఫ్ట్‌వేర్ వచ్చింది. కాల్స్ అన్నీ అదే వింటుంది, అదే మార్కులు వేస్తుంది, ఎవరు ఎక్కడ తడబడ్డారో చూసి వాళ్లకు పాఠాలూ చెబుతుంది. కానీ దేనికి ఎన్ని మార్కులో దానంతట దానికి తెలియదు. ఎవరో ఒకరు కూర్చుని ప్రశ్నలు రాసి, పక్కన మార్కులు వేసి, గడులు నింపి ఇవ్వాలి. ఆ పని ఆమెకిచ్చారు.

ఎంత ఇష్టంగా చేసిందో. పది ప్రశ్నలు, నూరు మార్కులు. ఒక్కో ప్రశ్న రాసి, చెరిపి, పైకి చదువుకుని, మళ్లీ రాసింది. మూడో ప్రశ్న దగ్గర చేయి దానంతటదే కదిలింది. 'అవతలివారి మాట పూర్తయ్యేదాకా ఆగారా?' పది మార్కులు. అది బాబాయ్ మాట. ఆయనకు చెప్పకుండా ఆయన్ని అందులో దాచినట్టు, ఆ సాయంత్రమంతా లోపల్లోపల మురిసిపోయింది.

తొమ్మిదో ప్రశ్న మేనేజరు అడిగాడు. ఆమెకంటే పదిహేనేళ్లు చిన్న, మాటకు ముందు అక్కా, మాటకు వెనక అక్కా. "కొందరు ఫోనెత్తి గాలికొదిలేస్తున్నారక్కా. అవతలోళ్లు హలో హలో అంటుంటే వీళ్లు సెల్‌ఫోన్‌లో బొమ్మలు చూస్తున్నారు. మౌనానికి ఒక హద్దు పెట్టండి. దాటితే ఫేటల్."

ఫేటల్ అంటే, ఆ ఒక్క గడి తప్పితే మిగతా తొమ్మిదింట్లో నూటికి నూరొచ్చినా కాల్ మొత్తం సున్నా.

హద్దు ఎంత పెట్టాలో తేల్చడానికి ఆమె నలభై కాల్స్ ఎంచుకుని విన్నది. వాటిలో బాబాయ్ కాల్ ఒక్కటీ లేదు. కావాలనే తీసుకోలేదు. పని నేర్పినవాడు, ఆయన గొంతు వింటే త్రాసు తనకు తెలియకుండానే అటు మొగ్గుతుంది, అది ధర్మం కాదనుకుంది. అందుకని కొత్తపిల్లల కాల్స్ తీసుకుంది. వాళ్లవి అమ్మానాన్నలకోసం ధర కనుక్కునే కొడుకుల, కూతుళ్ల కాల్స్. ఒక చేత్తో స్టీరింగు, ఒక చేత్తో ఫోను. అక్కడ ఎవరూ ఐదు సెకన్లు కూడా ఊరుకోరు. వినపడని ముసలివాళ్లు స్వయంగా చేసే కాల్స్ వేరే వరుసలో వస్తాయి, ఆ వరుస ఎక్కువగా మోసేది బాబాయే. ఆ సంగతి ఆమెకు తెలియనిదేం కాదు. తెలిసిన సంగతి కళ్ల ముందు ఉన్నప్పుడే మనిషి దాన్ని దాటుకుని పోతాడు, గుమ్మాన్ని దాటినట్టు.

ఐదు సెకన్లు అని రాసింది. కింద ఇంకో గడి అడిగింది, ఈ నియమం ఎవరికి? 'ఎంచుకున్న వరుసలకు', 'అందరికీ'. అందరికీ అన్నదాని మీద నొక్కింది. 'వర్తించదు' అని మార్కులు వేసేచోట వదిలిపెట్టుకునే వీలు కూడా ఒకటుంది. దాన్ని మూసేసింది. తెరిచి ఉంచితే అందరూ అందులోంచే జారుకుంటారని.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఆ గొప్ప చెప్పుకుంది. ఆమె మొగుడు దర్జీ. ముందుగదే ఆయన కొట్టు. నోట్లో గుండుసూదులు లేనప్పుడు మాత్రమే మాట్లాడతాడు.

"నా మాటలక్కూడా మార్కులేస్తావా?" అన్నాడు.

"మీరు మాట్లాడితే కదా వెయ్యడానికి."

నవ్వి, "నేను చొక్కా కుడితే లోపల రెండు వేళ్ల గుడ్డ వదులుతా" అన్నాడు. "మనిషన్నాక లావవుతాడు, చిక్కుతాడు. నీ మార్కుల కార్డులో వదిలిన గుడ్డ ఎక్కడుంది?"

"మీకు బట్ట, మాకు లెక్క. వదిలితే లూజవుతుంది."

"సరేలే. బిగుతు చొక్కా ఎవరికి చిరుగుతుందో చూద్దాం" అని చేయి కడుక్కోవడానికి లేచాడు. శకునం పలకాలని అనలేదు. అది ఆయన పనిలో మామూలు మాట.

మొదటి నెల బాబాయ్‌కి ఇరవై ఆరు సున్నాలు. ఆమె చూసింది. కొత్త పద్ధతి కదా, కుదురుకుంటుందిలే అనుకుంది. రెండో నెల ఇంకా ఎక్కువ. సాఫ్ట్‌వేర్ ఆయనకు పాఠాలు పెట్టింది. మధ్యాహ్నం భోజనం మానుకుని నీళ్ల డబ్బా పక్కన కూర్చుని, మనవడి వయసు గొంతు ఒకటి 'ఖాళీని మాటతో నింపండి' అని చెబుతుంటే, చిన్న పుస్తకంలో రాసుకుంటూ కనిపించాడు. మెట్ల మీద ఎదురైతే నవ్వాడు.

"ఈ వయసులో మళ్లీ బడికి పంపించారే అమ్మాయ్. గోడకుర్చీ ఒక్కటే తక్కువ."

"మీకెందుకు బాబాయ్ ఇవన్నీ" అంది ఆమె. దానర్థం ఏమిటో ఆమెకే తెలియదు.

మూడో నెల చివర్లో ఓ ఉదయం, నెలంతటికీ ఎక్కువ మార్కులొచ్చిన కాల్స్ జాబితాలో ఆయన పేరు కనిపించింది. ఎనభై ఎనిమిది. గుండె తేలికపడి హెడ్‌ఫోను పెట్టుకుంది.

అవతల ఓ ముసలమ్మ. "మా మనవరాలు ఏదో చెబుతుందయ్యా... చెప్పి..."

"వింటున్నారా అమ్మా?"

"ఆఁ, వింటున్నా. చెప్పి నవ్వుతుంది. నేనూ నవ్వుతాను. కానీ..."

"మంచిది. చాలా మంచిది. వింటున్నారా?"

"అది... ఎందుకు నవ్విందో నాకు..."

"వింటున్నారా అమ్మా? లైన్లో ఉన్నారా?"

"వినపడకే కదయ్యా ఫోను చేసింది!" ఫోను పెట్టేసింది ముసలమ్మ.

ఆమె హెడ్‌ఫోను తీయలేదు. ఆ ముసలమ్మ చెప్పలేకపోయిన మాట ఆ తీగల్లోనే ఎక్కడో చిక్కుకుని ఉన్నట్టు అలాగే కూర్చుంది. పాతికేళ్లలో బాబాయ్ చేసిన కాల్స్‌లో ఇంత పాడు కాల్ లేదు. ఇంతమంచి మార్కులూ లేవు.

అప్పుడే దిద్దాల్సింది. ఎనిమిది నిమిషాల పని. కానీ దిద్దితే మూడు నెలల మార్కులన్నీ తిరిగి లెక్కకట్టాలి, తప్పు ఎవరిదని అడుగుతారు, అది తనదని చెప్పాలి. పైగా కంపెనీ పెద్దలంతా వచ్చి అందరి పనీ సమీక్షించే వారం. వచ్చే సోమవారం చూద్దాంలే అనుకుంది. ఆ సోమవారం వచ్చేసరికి బాబాయ్‌ని పంపేసే కాగితం మేనేజరు బల్ల మీద ఉంది.

ఆయన్ని పంపే రోజు మేనేజరు నాలుగు మంచి మాటలు చెప్పాడు. "సిస్టమ్ అలా చూపిస్తోంది బాబాయ్, మా చేతుల్లో ఏముంది" అని కూడా అన్నాడు. బాబాయ్ తల ఊపి, ఆమెవైపు తిరిగాడు.

"కంప్యూటరుతో మనకెందుకమ్మా తగువు. దానికేం తెలుసు, పాపం."

గదిలో ముగ్గురే. ఆయన ఆమె ముఖంలోకే చూస్తున్నాడు, పాతికేళ్లు ఫోను పట్టుకుని ఆగినట్టే ఆగి. ఆమె చెప్పాల్సిన మాటకు అంత చోటు మళ్లీ ఎవరూ ఇవ్వలేదు.

"అవును బాబాయ్" అంది.

మర్నాడే నియమం మార్చింది. ముసలివాళ్ల వరుసకు మౌనం లెక్క తీసేసింది. ఎవరూ ఎందుకని అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది.

నీళ్ల డబ్బా పక్క కుర్చీలో కొత్తపిల్ల వచ్చి కూర్చుంది. అప్పుడప్పుడూ ఎవరో ఫోను చేసి, "ఆ ఆగే ఆయన లేడా?" అని అడుగుతారు. ఆ పిల్లకు అర్థంకాక పైనున్న మార్కులక్కను అడుగుతుంది. "లేరని చెప్పు" అంటుంది ఆమె. ఆ మాట ఏడుసార్లు అంది. ఎనిమిదోసారి నోరు రాలేదు.

ఆ మధ్యాహ్నం టీ మానుకుని వెనక మెట్ల మీద కూర్చుని బాబాయ్‌కి ఫోను చేసింది. రెండు రింగులకే ఎత్తాడు.

"అమ్మాయ్! బతికున్నానో లేదో చూద్దామనా?"

"ఏం మాటలు బాబాయ్ అవి." తర్వాతి మాటకోసం లోపల తడుముకుంది. పొడుగు దారి. సగం దాకా వచ్చింది.

"వింటున్నావామ్మా?"

"ఆఁ బాబాయ్. నేను..."

"మంచిది, మంచిది. వింటున్నావా?"

ఆమె కళ్లు మూసుకుంది. నాలుగు సెకన్లయినా కాలేదు. మెట్ల కింద ఎవరో బకెట్టు ఈడ్చుకెళ్తున్నారు. తను ఆయన దగ్గర్నుంచి లాక్కున్నది ఉద్యోగమొకటే కాదని ఆ చప్పుడులో తెలిసింది. ఇక చోటు దొరకదని, తొక్కుకుంటూ వచ్చినట్టు, ఒక్క గుక్కలో చెప్పేసింది. "ఆ ఐదు సెకన్లు కంప్యూటరు పెట్టింది కాదు బాబాయ్, నేను పెట్టాను. మీ కాల్ ఒక్కటైనా వినకుండా పెట్టాను. తప్పని తెలిసి కూడా వారంరోజులు ఊరుకున్నాను. ఆ రోజు మీరు కంప్యూటరు అంటే, అవునని అబద్ధం చెప్పాను."

అవతల ఏమీ లేదు. గాలి. ఎక్కడో కొళాయి కింద గిన్నె నిండి పొర్లుతోంది. ఆమె అలవాటుకొద్దీ లెక్కపెట్టింది. ఐదు. ఎనిమిది. పన్నెండు దాకా పెట్టి, సిగ్గేసి మానేసింది. ఎవరో కొళాయి కట్టేశారు.

"తెలుసమ్మా" అన్నాడు బాబాయ్. "ఆ ప్రశ్నల కాగితం నాకూ ఇచ్చారుగా. మూడో ప్రశ్నలో నన్ను పెట్టావు, తొమ్మిదో ప్రశ్నలో తీసేశావు. మూడోది చదివినప్పుడే అనుకున్నా, ఇది మా అమ్మాయి రాతేనని. నువ్వే చెబుతావని చూశా ఆ రోజు."

"చెప్పలేకపోయాను."

"ఊఁ."

"ఇప్పుడు మార్చేశాను బాబాయ్. మీరొస్తే..."

"వచ్చి ఏం చెయ్యనే?" నవ్వబోయాడు, నవ్వు సగంలో ఆగింది. "మీ పిన్ని ఏదో చెబుతుంటుంది, మధ్యలో 'వింటున్నావా' అంటానట. అన్నట్టు నాకే తెలీదు. మొదట్లో నవ్వేది. ఇప్పుడు చెప్పడమే తగ్గించింది. ఏదైనా ఉంటే చీటీ రాసి బల్ల మీద పెడుతోంది. అదీ..."

మాట దొరక్క ఆగాడు. టీ టైము అయిపోయిందని పైన గంట కొట్టారు. తలుపు తీసి కొత్తపిల్ల "అక్కా, మేనేజరుగారు పిలుస్తున్నారు" అంది. ఆమె చేయెత్తి ఆపింది, అచ్చం ఎవరో ఒకప్పుడు ఎత్తినట్టు. ఫోను ఈ చెవినుంచి ఆ చెవికి మార్చుకుని, మెట్టు మీద ఇంకొంచెం సర్దుకుని కూర్చుంది.