బాలమణికి నేను రాయని ఏడు గంటలు

ఆరేళ్లుగా ఒక మాట మోస్తున్నాను. మా ఆయనకు చెప్పలేదు. దీపం పెట్టి దేవుడి ముందు కూర్చున్నప్పుడూ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

అప్పట్లో నేను సికింద్రాబాద్‌లోని ఒక ప్రభుత్వ కార్యాలయంలో సీనియర్ అసిస్టెంట్‌ని. సిబ్బంది జీతాల ఫైళ్లు నా దగ్గరే ఉండేవి. బాలమణి అక్కడ పార్ట్‌టైం స్వీపర్. బన్సీలాల్‌పేట్ నుంచి నడిచి వచ్చేది. పార్ట్‌టైం అన్నది కాగితం మీదే. పొద్దున తొమ్మిదికి ఆఫీసు తాళం తీసేది ఆమే, సాయంత్రం ఆరుకు వేసేదీ ఆమే. మధ్యలో ఊడవడం, ఫైళ్లు మోయడం, మా అందరికీ మంచినీళ్లు పెట్టడం. నా రెండో కాన్పు ముందు కాళ్లు వాచిపోతే, ఎక్కడి నుంచో ఒక పీట తెచ్చి, బల్ల కింద వేసి, నా పాదాలు దాని మీద పెట్టించింది. "ఇంకొన్నాళ్లు ఇలాగే ఉండు, పర్మనెంట్ అవుతావు" అని ఆమెను రోజంతా ఉంచింది నేనే. నమ్మే చెప్పానా? ఏమో. ఆమె ఉంటే నాకు సుఖంగా ఉండేది. అది మాత్రం నిజం.

తర్వాత జీతాల తగువు మొదలైంది. రోజంతా చేయించుకుని అరపూట జీతం ఇస్తున్నారని పార్ట్‌టైం వాళ్లు కోర్టుకెళ్లారు. ఎవరు రోజుకు ఎన్ని గంటలు పనిచేస్తున్నారో రాసి పంపమని పైనుంచి మాకు కాగితం వచ్చింది. ఆ అంకెను బట్టే జీతం ఖాయం చేస్తారు. సూపరింటెండెంట్ నన్ను పిలిచాడు. "తొమ్మిది గంటలని రాస్తే, గిన్నేండ్లు ఎవరు చేయించిన్రని అడుగుతరు మేడం. మీ ప్రమోషన్ ఫైలు సుత ఆడనే ఉంది. జెర చూస్కోండ్రి" అన్నాడు. అంతే. బెదిరించలేదు. గొంతు కూడా పెంచలేదు.

రెండు గంటలని రాశాను. తొమ్మిది నుంచి పదకొండు.

తాళాల రిజిస్టర్ ఒకటి ఉండేది. తాళాలు తీసుకున్నప్పుడు, అప్పజెప్పినప్పుడు బాలమణి అందులో వేలిముద్ర వేసేది. పక్కన వాచ్‌మన్ టైము రాసేవాడు. దాన్ని హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని కార్ఖానా ఏరియాలోని మా ఇంటికి తెచ్చాను. బీరువా అడుగున, పట్టుచీరల కింద పెట్టాను. కోర్టు అడిగితే, దొరకలేదని జవాబు వెళ్లింది.

ఆమెకు రెండు గంటల జీతమే ఖాయమైంది. పదకొండు తర్వాత ఆఫీసులో ఉండొద్దని ఆర్డరు కూడా ఇచ్చారు. ఆ రోజు నా బల్ల దగ్గరికి వచ్చింది. ఏడవలేదు.

"మేడం, పదకొండు దాటినంక నేను ఈడ ఉండనని రాసిన్రంట గదా?"

"పైవాళ్లు రాయమన్నారు బాలమణీ."

"గట్లనా." కాసేపు హాలంతా కలయజూసింది. "మరి గిన్నేండ్లు పదకొండు నుంచి ఆరు దాకా ఈడ ఊడ్చింది ఎవరు మేడం?"

అది దెప్పిపొడుపు కాదు. ఆమె నిజంగానే జవాబు కోసం నిలబడింది. అదే నన్ను భయపెట్టింది.

మర్నాటి నుంచి పదకొండుకల్లా వెళ్లిపోయేది. వారం తిరగకముందే, ఒక మధ్యాహ్నం మూడింటికి, కిటికీలోంచి ఎండ సూటిగా పడుతుండగా, రికార్డు రూమ్‌లో చీపురు చప్పుడు వినబడింది. వెళ్లి చూస్తే ఎవరూ లేరు. నేల మాత్రం అప్పుడే తుడిచినట్టు తడిగా ఉంది. తిరిగి వచ్చేసరికి నా బల్ల మీద గ్లాసుతో నీళ్లు, పైన మూతగా చిన్న స్టీలు పళ్లెం. అలా మూత పెట్టేది బాలమణి ఒక్కతే. అటెండర్‌ను అడిగితే తను పెట్టలేదన్నాడు. వాచ్‌మన్‌ను అడిగితే ఆమె పదకొండుకే గేటు దాటిందన్నాడు.

దొంగచాటుగా వస్తోందేమో అనుకున్నాను. అలా అనుకోవడం తేలిక. ప్రమోషన్ వచ్చి లోపలి గదిలోకి మారాను. గ్లాసు ఆ గదిలోకీ వచ్చింది. ఆ నీళ్లు రోజూ తాగేదాన్ని. ఎందుకు తాగాను? పారబోసే ధైర్యం లేకనా? లేక, ఆమె ఇంకా పనిచేస్తూనే ఉందనుకుంటే నేను చేసింది అంత పెద్ద తప్పేమీ కాదని అనిపించినందుకా?

ఈ మధ్య ఆమె పొద్దున రావడం కూడా మానేసింది. నెల దాటింది. గ్లాసు మాత్రం ఆగలేదు. ఇక ఉండలేక బన్సీలాల్‌పేట్ వెళ్లి ఇల్లు కనుక్కున్నాను. ఆమె కూతురు స్వరూప తలుపు తీసి, నాకు కుర్చీ వేసి, అమ్మ పోయి నెలైందని చెప్పింది.

"మంచాన పడే దాకా డ్యూటీ తప్పలే మేడం. పొద్దుగాల పోతే ఆరు దాటినంకనే ఇంటికొచ్చేది. జీతం ఎందుకు తగ్గిందే అని అడిగితే, మా మేడం చూస్కుంటదిలే అంటుండె."

ఆరేళ్లు. రోజూ పదకొండుకు గేటు దాటిన మనిషి ఆరు దాకా ఎక్కడ ఉంది? ఏ ఎండలో, ఏ వానలో? సరే, బతికున్నప్పటి మాట అది. ఈ నెల రోజులు నా బల్ల మీద నీళ్లు పెట్టింది ఎవరు? స్వరూపకు ఏమీ చెప్పకుండా వచ్చేశాను. మర్నాడు కూడా గ్లాసు వచ్చింది. ఆ రోజు తాగలేకపోయాను.

వారం తర్వాత రిజిస్టర్ తీసుకుని మళ్లీ వెళ్లాను. తెరిచి స్వరూప ఒళ్లో పెట్టాను. రెండు గంటలని రాసింది నేనేనని, ఇది దాచింది కూడా నేనేనని చెప్పాను. ఆమె చాలాసేపు పేజీలు తిప్పింది. ఒకచోట ఆగి, తల్లి వేలిముద్ర మీద తన బొటనవేలు ఆనించింది. తలెత్తకుండానే, "మీరు పోండ్రి మేడం" అంది.

క్షమించమని అడగలేదు. రిజిస్టర్ ఆమె దగ్గరే వదిలేశాను. ఆమె దాన్ని కోర్టులో ఇస్తే నా ఉద్యోగం పోతుంది. ఇవ్వాలనే కోరుకుంటున్నానా? పొద్దున అవునని, సాయంత్రానికి వద్దని అనిపిస్తుంది. అలాంటి మనిషిని నేను.

ఆ రోజు ఆటో ఎక్కకుండా రైల్వే స్టేషన్ దాకా నడిచాను. దారిలో నా పెదవులు కదులుతున్నాయని కాసేపటికి తెలిసింది. నేనే రాశాను, నేనే దాచాను. సంచులు మోసుకుంటూ పోతున్న ఒకావిడ ఆగి నా వైపు చూసింది. ఆమెకు కూడా వినబడనీ అనుకుని, గొంతు కాస్త పెంచాను.