వెంకట్రాజం తాగిన రెండు గ్లాసుల కాఫీ

వెంకట్రాజం ముప్పై ఏళ్లు ఎనుమాముల మార్కెట్లో మిర్చి చూసే పని చేశాడు. బస్తాలో చెయ్యి దూర్చి నాలుగు కాయలు తీసి, ఒకదాన్ని విరిచి ముక్కు దగ్గర పెట్టుకునేవాడు. అది ఎండకు ఎండిందో, వానకు తడిసి మళ్లీ ఆరిందో చెప్పేవాడు. అతని మాట మీద, అతన్ని పనిలో పెట్టుకున్న షావుకారు లాట్లకు లాట్లు కొనేవాడు.

కరోనా రెండోసారి వచ్చినప్పుడు అతనికి జ్వరం తగిలింది. పది రోజుల్లో లేచి తిరిగాడు కానీ వాసన పోయింది. ఏడాది చూసినా తిరిగి రాలేదు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. కాయను మునుపటిలాగే ముక్కు దాకా తీసుకుపోయేవాడు. రంగు, విరిచినప్పటి చప్పుడు, నాలుక మీద గింజ మంట, వీటిని బట్టే తీర్పు చెప్పేవాడు. రెండు సీజన్లు అలాగే గడిచాయి. మూడో ఏడు, లోపల బూజు పట్టిన లాటు ఒకటి బాగుందన్నాడు. కొన్నాక బూజు బయటపడినా షావుకారు అతన్ని తప్పుపట్టలేదు. వెంకట్రాజమే మోకాళ్ల నొప్పులని చెప్పి పని మానుకున్నాడు.

కాశిబుగ్గలో అతని ఇంటి వెనక వీధిలో ఉండే భానుచందర్, హనుమకొండలో ఒక గది తీసుకుని కాఫీ గింజలు వేయించి అమ్ముతున్నాడు. ఒక ఆదివారం మధ్యాహ్నం రెండు పొట్లాలు పట్టుకుని వచ్చాడు. రెండూ అరకు వైపు ఒకే తోట గింజలు, వేయించిన రోజులే వేరు. ఒకదాని మీద కంప్లయింట్లు వస్తున్నాయని, లోపమెక్కడో తనకు అందడం లేదని చెప్పాడు. వెంకట్రాజం ముక్కు గురించి అతను చిన్నప్పటి నుంచి విన్నవాడు.

వెంకట్రాజం భార్య రాజమణి నీళ్లు కాచి ఇచ్చింది. భానుచందర్ కొన్ని గింజలు పొడి చేసి, కాగితపు ఫిల్టరులో వేసి, మెల్లగా నీళ్లు పోసి, పాలూ చక్కెరా లేకుండా రెండు గ్లాసులు ముందు పెట్టాడు.

"ముందుగాల వాసన చూడు కాకా. బెల్లం, నారింజ తొక్క వాసన రావాలె."

వెంకట్రాజం అలవాటుగా గ్లాసు ముక్కు దగ్గరికి తీసుకున్నాడు. కాసేపు పట్టుకుని కింద పెట్టాడు.

"నాకు వాసన రాదు బిడ్డా. నాలుగేండ్లాయె."

 పొయ్యి దగ్గర నుంచి రాజమణి మాట్లాడింది.

"నాకెర్కనే. మొన్న పాలు మాడి ఇల్లంత కమురు కొడ్తాంటే, పక్కనే కూసొని పేపర్ చదువుకుంటాన్నవ్."

ఇన్నాళ్లూ ఎందుకు అడగలేదన్నాడు వెంకట్రాజం. నువ్వు చెప్పుకోవద్దనుకున్నట్టుంది, అందుకే అడగలేదంది ఆమె.

భానుచందర్ గ్లాసులు తీసేయబోతే వెంకట్రాజం ఆపాడు. మొదటిది గుటక వేశాడు. నాలుక అంచుల మీద చిన్న పులుపు తగిలి పోయింది. నీళ్లు పుక్కిలించి రెండోది తాగాడు. ముందు చేదు, ఆ తర్వాత పచ్చి పల్లీ నమిలినట్టు నోరు ఎండిపోయింది. గింజలు ఇమ్మని అడిగి, ఒక్కో పొట్లం నుంచి ఒకటి కొరికి లోపలి రంగు చూశాడు.

"ఈ రెండోదానికి మంట ఎక్కువ వెట్టి జల్ది దించినవ్. పైన మాడింది, లోపల పచ్చిగుంది."

ఆ రోజు ఆర్డరు తొందరలో అలా చేశానని భానుచందర్ ఒప్పుకున్నాడు.

అప్పటి నుంచి వేయించిన ప్రతిసారీ గుప్పెడు గింజలు కాశిబుగ్గకు తెస్తున్నాడు. వెంకట్రాజం కొరికి చూసి, సరేననో మళ్లీ వేయించమనో చెబుతాడు. ఆ కాఫీ మాత్రం తనకు అంతగా నచ్చదని అంటాడు. రాజమణి తన గ్లాసులో పాలు, చక్కెర కలుపుకుంటుంది. వాసన ఎలా ఉందని ఇప్పుడతను ఆమెనే అడుగుతాడు.