మల్లేశ్ పేరు మీద ఆడిన ఆటలు

ఈ మాట నా భార్యకు కూడా చెప్పలేదు. ఎక్కడైనా చదరంగం బల్ల కనిపిస్తే తల తిప్పుకుంటాను. ఆసక్తి లేదంటాను. అబద్ధం. ఇన్నేళ్లుగా గుండెల మీద మోస్తున్న బరువు అది. ఇక మోయలేక మీకు చెబుతున్నాను.

తొంభైల చివర. మాదాపూర్‌లో అద్దాల భవనాలు లేస్తున్న రోజులు. కాకినాడ నుంచి ఉద్యోగానికి వచ్చాను. పని సంగతి తప్ప నాతో ఎవరూ మాట్లాడేవారు కాదు. ఆదివారాలు గదిలో గోడ చూస్తూ పడుకునేవాణ్ని. పక్క సీటు మల్లేశ్ ఒక్కడే నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని భోంచేసేవాడు. అతనిది ఆ దగ్గర్లోనే ఉన్న గోపన్‌పల్లి. ఇంటర్నెట్‌లో చదరంగం ఆడటం నేర్పిందీ అతనే.

మాకు రెండు సైట్లు తెలుసు. ఒకదాంట్లో అడిగేవాడు లేడు. సగం మంది పక్కన చదరంగం ప్రోగ్రామ్ తెరిచి, అది చెప్పిన ఎత్తులే వేసేవారు. మల్లేశ్‌కు అదంటే రోత. రెండోదాంట్లో ఎత్తులు పరిశీలించి దొంగాటగాళ్లను వెళ్లగొట్టేవారు. అక్కడ అతనికి మంచి పేరు. గట్టి ఆటగాళ్లు తామే ఆటకు పిలిచేవారు. నన్ను ఎవరూ పిలిచేవారు కాదు.

చెల్లెలి పెళ్లికి మల్లేశ్ సెలవు పెట్టాడు. ముందురోజు నా కంప్యూటర్‌లో ఆ రెండో సైటులో ఆడి, లాగవుట్ చేయడం మరిచిపోయాడు. నేను అతని పేరుతోనే ఆడాను. పక్కన ప్రోగ్రామ్ తెరిచి. గెలిచాను. అవతలివాడు మెచ్చుకుంటూ రాశాడు. మర్నాడూ ఆడాను. ఆ తర్వాతా ఆడాను. గెలుపు కోసమా? లేక ఎవరో ఒకరు నాతో మాట్లాడుతున్నారని, ఓడితే ఆ మాటలు ఆగిపోతాయని భయపడ్డానా? ఒంటరితనం అని పేరు పెడితే తప్పు చిన్నదవుతుందా?

మల్లేశ్ తిరిగొచ్చేసరికి సైటువాళ్లు అతని అకౌంటు మూసేశారు. కంప్యూటర్ సాయంతో ఆడాడట.

"అన్నా, నేను లేనప్పుడు గీడ నీ కంప్యూటర్ ముంగట ఎవరన్న కూసున్నరా?"

"నేను చూడలేదు మల్లేశ్."

"నువ్వు ఏమన్న ఆడినవా? ఆడితే చెప్పు, ఏమనుకోను."

"ఛ, నేనెందుకు ఆడతాను?"

అతను నా ముఖంలోకి చూశాడు. "సరే తీయ్. నువ్వు కాదంటే కాదు."

నమ్మాడు. తిట్టి ఉంటే ఈపాటికి మరిచిపోయేవాణ్నేమో.

సైటుకు ఎన్నిసార్లు రాసుకున్నా వాళ్లు వినలేదు. ఆఫీసులో ఒకడు, ఇన్నాళ్లూ మిషనే ఆడిందన్నమాట అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మల్లేశ్ నా వైపు చూసి తల దించుకున్నాడు. ఆ తర్వాత చదరంగం మానేశాడు. కొన్నాళ్లకు వేరే కంపెనీకి వెళ్లిపోయాడు. వెళ్లేటప్పుడు నా చెయ్యి పట్టుకుని, "జర పానం మంచిగ చూసుకో అన్నా" అన్నాడు. అప్పుడైనా చెప్పొచ్చు. చెప్పలేదు.

ఆ తర్వాత అతని కోసం వెతకలేదు. దొరుకుతాడేమోనని భయం. నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. ఒక్కటి తెలుసుకోండి చాలు. మల్లేశ్ ఎన్నడూ దొంగాట ఆడలేదు. ఆడింది నేను.