రెండో ముల్లు

ఈ ఉదయం తార్నాకలో మా బాల్కనీ మందార ఆకుల అంచులు ఎవరో పళ్లతో కొరికినట్టు కనిపిస్తే ఆకు తిప్పి చూశాను. పొట్టి, వెడల్పు మూతితో బూడిద రంగు ముక్కుపురుగు. నన్ను చూడగానే చచ్చినట్టు నటిస్తూ కుండీలోకి రాలిపడింది. ఆ పురుగును చూస్తే నాకు యూనివర్సిటీలో మా ల్యాబ్ సీనియర్ గుర్తొస్తాడు. ఈ మాట వింటే ఆయనేమీ అనుకోడు.

వాళ్లది పత్తి పండించే ఇల్లు. తండ్రి చేలో ఏరి తెచ్చిన ఈ పురుగుల మీదే ఆయన పరిశోధన. మా గైడు పైపైన చూసి, ఇది అందరికీ తెలిసిన జాతే అన్నారు. కాదని ఆయన పట్టు. ముందుకాలి తొడ మీద ఒక్క ముల్లుంటే గైడు మాట నిజం, పక్కన రెండోది ఉంటే ఈయన మాట నిజం. మూడేళ్ల పని, ఆవగింజలో సగం కూడా లేని ఆ ముల్లు దగ్గర ఆగిపోయింది.

సరిగ్గా అప్పుడే తెలంగాణ ఉద్యమం క్యాంపస్‌ను కమ్ముకుంది. ఒక మధ్యాహ్నం ఆయన ఊరేగింపులోంచి, బాష్పవాయువుకు ఎర్రబడ్డ కళ్లతో ల్యాబుకొచ్చాడు. "బిల్డింగ్‌కు తాళమేస్తరట చెల్లె. డబ్బ గీడ్నే ఉంటే చీమలు తింటయి. మీ ఇంట్ల పెడ్తవా?" అన్నాడు. సూదులకు గుచ్చిన పురుగుల డబ్బాను సంచిలో పెట్టుకుని, మాణికేశ్వర్ నగర్ సందుల్లోంచి నడిచి ఇంటికి తెచ్చేశాను.

మా ఇంట్లో ఇంకో ఇబ్బంది. కడప నుంచి ఉద్యోగానికొచ్చి ఇక్కడే స్థిరపడ్డ మా నాన్న, రాష్ట్రం విడిపోతే మనమేమైపోతామని రోజూ టీవీతో పోట్లాడేవాడు. వారం తర్వాత సీనియర్ మా ఇంటికి రాగానే, కాఫీ చేతికందక ముందే ఇద్దరూ మొదలుపెట్టారు. నేనూ అమ్మా వంటింట్లో తలలు పట్టుకున్నాం. గొంతులు తగ్గాక, సూక్ష్మదర్శిని తాళం పడ్డ ల్యాబులోనే ఉండిపోవడంతో సీనియర్ భూతద్దం తీసి, ఒక పురుగును చాలాసేపు చూసి, కింద పెట్టేశాడు.

"నాకు కాలి మీద రెండు ముండ్లు కనబడ్తున్నయి అంకుల్. కానీ ఆశ ఉన్నది కద, నా కన్నును నేనే నమ్మలేకపోతున్న. చెల్లెనడిగితే నా దిక్కే మాట్లాడుతది."

నాన్న కళ్లజోడు తుడుచుకున్నాడు. "నీ మాటకు ఎదురు చెప్పేవాణ్ణి నేనున్నా గదప్పా. ఇట్లియ్యి."

ఒక్కదానితో ఆగలేదు. డబ్బాలోని పన్నెండింటినీ చూశాడు. కాఫీ చల్లారిపోయింది. సీనియర్ మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని నేలకేసి చూస్తూ కూర్చున్నాడు.

"అన్నిటికీ రెండే ఉండాయి. ఈ ఒక్క సంగతిలో నీ మాటే నిజమప్పా."

సీనియర్ లేచి బాల్కనీలోకి వెళ్లాడు. నాన్న కాఫీ మళ్లీ వేడి చేయమన్నాడు.

తర్వాత గైడు కూడా సూక్ష్మదర్శినిలో చూసి ఒప్పుకున్నారు. రాష్ట్రమూ వచ్చింది. మేమెవరమూ తార్నాక వదిలి వెళ్లలేదు. ప్రతి ఆదివారం సీనియర్ మా ఇంటికొచ్చి నాన్నతో చేసే వాదన మాత్రం నాన్న పోయేదాకా సాగింది. చివరి రోజుల్లో నాన్నకు వినపడకపోతే ఆయన గొంతు పెంచి మరీ వాదించేవాడు. కాలం ఎంత పెద్ద తగువునైనా తేల్చేస్తుంది, ఆ తగువు పడ్డ మనిషిని తిరిగి తెచ్చివ్వడమే దానికి చేతకాదు.