పెద్దసారు ముందు చెప్పాల్సిన మాట

ఏడో తరగతికి పబ్లిక్ పరీక్షలుండే రోజులవి. బోర్డు మీద రాసింది నాకు ఆనేది కాదు. పుస్తకమైతే ముక్కుకి తగిలేలా పెట్టుకుంటే తప్ప అక్షరం దొరికేది కాదు. ఇది అద్దాలతో బాగయ్యే చూపు కాదని గుంటూరులో కంటి డాక్టరు తేల్చేశాడు. పరీక్షలో ప్రశ్నలు చదివి వినిపించి, నేను చెప్పింది రాసిపెట్టే పిల్లనొకదాన్ని ఇస్తారనీ, అందుకు మా బడి పెద్దసారు ఒప్పుకుని పై ఆఫీసుకి రాయాలనీ కూడా ఆయనే చెప్పాడు. ఆ సాయం దొరక్కపోతే నేను పరీక్ష తప్పడం ఖాయం. తప్పితే బడి మాన్పించడమూ ఖాయమే.

పెద్దసారు మమ్మల్ని సోమవారం సాయంత్రం రమ్మన్నాడు. అమ్మ చదువుకోలేదు. బడి గేటు దాటి లోపలికి వెళ్ళిన మనిషి కాదు. అందుకని ఆ వారమంతా మిరప కల్లంలో సాధన చేసింది. మేం కౌలుకి చేసిన చేలో కాయలు అప్పుడే కోసి ఎండబోశాం. తాలుకాయలు ఏరడానికి వచ్చిన ఆడకూలీల మధ్య కూర్చుని, చేతులు ఏరుతుంటే నోటితో పాఠం వల్లించేది. ఆ కూలీల్లో ఒక ముసలామె తలకి చుట్టుకున్న తువ్వాలు తీసి భుజాన వేసుకుని పెద్దసారయ్యేది.

"ఏమ్మా, ఎందుకొచ్చావ్?" అనేది గొంతు బొంగురు చేసుకుని.

"మా పిల్లకి బోర్డు ఆనదండీ."

"అట్టా గొణిగితే ఆయనకేం వినపడుద్దే? గట్టిగా చెప్పు. అడగందే అమ్మైనా పెట్టదంటారు, ఇంక పెద్దసారు పెడతాడా?"

అమ్మ గట్టిగానే చెప్పేది, పక్క కల్లం వాళ్ళు తలలు తిప్పి చూసేంత గట్టిగా. కాస్త ఏడిస్తే పని తొందరగా అవుద్దని ఇంకొకామె సలహా ఇచ్చింది. అమ్మ అదీ నేర్చుకుంది. మిరప ఘాటు ఉండగా కన్నీళ్ళకి కొదవేముంది? అందరూ పడీ పడీ నవ్వారు. బడి నుంచి వచ్చి గోనెసంచుల చాటున కూర్చున్న నాకు మాత్రం తల కొట్టేసినట్టుండేది. అప్పటిదాకా నా కళ్ళ సంగతి మా ఇంటికీ, నా బెంచీలో కూర్చునే పిల్లకీ తప్ప తెలియదు. ఇప్పుడు ఊరు ఊరంతా నోట్లో వేసుకుని నములుతోంది.

"పాపం, ఇంత సక్కని పిల్లకి గుడ్డితనమేందే! గుడ్డిపిల్లలకి హాస్టళ్ళున్నాయంటగా, అక్కడ పడేస్తే పోద్దిగా" అంది ముసలామె ఒకనాడు. మంచి మనసుతోనే అంది. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు.

అసలే నాది పంతం. అమ్మ అడుక్కోవడానికి తయారవుతుంటే, అడుక్కోవాల్సిన పనేమీ లేదని చూపించడానికి నేను తయారయ్యాను. కళ్ళు సరిగా లేవన్న ప్రతివాళ్ళనీ పెద్దసారు వరండాలో బోర్డు చూపించి, అక్కడ రాసిన మంచిమాట చదవమంటాడని మా బడిలో అందరికీ తెలుసు. సోమవారం పొద్దున్నే నా బెంచీ పిల్ల చేత దాన్ని చదివించుకుని కంఠస్థం చేశాను. విని గుర్తుపెట్టుకోవడమే కదా నా చదువంతా!

సాయంత్రం అమ్మ ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. పెద్దసారు ముందు నిలబడగానే వారం రోజుల పాఠం ఎగిరిపోయింది. "పిల్లకండీ... బోర్డండీ..." అని చేతులు జోడించి నిలబడిపోయింది. ఆ జోడించిన చేతులు చూస్తే నాకు ఒళ్ళు మండిపోయింది. పెద్దసారు కిటికీలోంచి వరండా బోర్డు చూపించి చదవమన్నాడు. చదివాను. నమ్మకం కుదరడానికి ఒకచోట కావాలనే తడబడ్డాను కూడా.

"బాగానే కనపడుతోందిగా! సాయం కోసం పిల్ల మీద అబద్ధాలు చెబుతావేమ్మా?" అన్నాడు పెద్దసారు.

బయటికి వచ్చాక అమ్మ నన్ను చంపేస్తుందనుకున్నాను. తీరా చూస్తే మొహం వెలిగిపోతోంది. తనని అబద్ధాలకోరన్న మాట చెవికెక్కినట్టే లేదు.

"నిజంగా ఆనిందా అమ్మా?" అంది.

"ఆనింది" అన్నాను.

దారిపొడవునా నా చెయ్యి వదల్లేదు. డాక్టర్లకేం తెలుసంది. దేవుడున్నాడంది. మా చేను దగ్గరికొచ్చేసరికి ఆ సంతోషం పట్టలేక, "అదుగో, ఆ గట్టుమీద ఏముందో చెప్పు చూద్దాం" అంది.

పచ్చటి చేలో తెల్లగా, నిలువుగా ఏదో ఉంది.

"దిష్టిబొమ్మ" అన్నాను ధీమాగా.

"ఏమన్నాడే పెద్దసారు?" అని అక్కణ్ణుంచి నాన్న గొంతు కేకేసింది.

అమ్మ నావైపు తిరిగి, "మరి బోర్డు మీదది?" అంది మెల్లగా. పొద్దున నా బెంచీ పిల్ల చదివి చెప్పిందన్నాను. వీపు మీద ఒక్కటిచ్చి, నా రెక్క పట్టుకుని వెనక్కి తిరిగింది. ఏమైందో తెలియక నాన్న కూడా చేలోంచి మా వెనకే వచ్చాడు.

పెద్దసారు గదికి తాళం వేస్తున్నాడు. ఈసారి అమ్మ తడబడలేదు, చేతులూ జోడించలేదు.

"నేను అబద్ధమాడలేదండీ. పొద్దున్నే వల్లెవేసుకొచ్చి మీకు అప్పజెప్పింది. ఇప్పుడే వాళ్ళ నాన్నని చూసి దిష్టిబొమ్మ అందండీ. ఇదుగో, ఈయన్నే."

పెద్దసారు తాళం తీసి లోపలికి వెళ్ళి, కుర్చీలో కూర్చుని, పై ఆఫీసుకి రాయడం మొదలుపెట్టాడు.

మేమెందుకు వెనక్కి వచ్చామో నాన్నకి అప్పుడే తెలిసింది. ఆయన నా పక్కనే, భుజం తగిలేంత దగ్గర నిలబడి ఉన్నాడు. అంత దగ్గరైతే మొహం నాకు ఆనేదే. నేనే తలెత్తలేదు.